దేవునికి మొదటి స్థానం, పూర్ణహృదయంతో ఆరాధన: మన సంఘాల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, అనంతపురం, కడప వైపు బైబిల్ స్టడీ ఎక్కడ పెట్టినా చివర్లో చేతులు లేస్తాయి. అడిగే మనుషులు మారతారు గానీ సందేహాలు అవే. ఒకే జవాబు ఊరూరా చెప్పే బదులు ఒకచోట రాసి పెడితే మేలనిపించింది. మన దగ్గర సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్ళున్నారు, బాప్టిస్టులున్నారు, కాథలిక్కులున్నారు, పెంతెకొస్తు, స్వతంత్ర సంఘాలవాళ్ళున్నారు. పద్ధతుల్లో తేడా ఉన్నచోట ఆ సంగతి చెప్పాను. వరుసగా చదవాల్సిన పనిలేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి.

## కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు

దేవునికి మొదటి స్థానం ఇవ్వాలంటే ఉద్యోగం మానేసి సేవకు పోవాలా?

అక్కర్లేదు. పేతురు, యోహాను వలలు వదిలి వెళ్ళిన మాట నిజమే. కానీ లూకా 3వ అధ్యాయం చూడండి. సుంకరులు (పన్నులు వసూలు చేసేవాళ్ళు), సైనికులు బాప్తిస్మమిచ్చే యోహాను దగ్గరికొచ్చి "మేమేం చేయాలి?" అని అడిగితే ఆయన ఎవరినీ ఉద్యోగం మానమనలేదు. నిర్ణయించినదానికన్నా ఎక్కువ వసూలు చేయొద్దన్నాడు, బెదిరించి డబ్బు గుంజొద్దన్నాడు, జీతంతో తృప్తిపడమన్నాడు. అంటే అదే కుర్చీలో కూర్చుని, ఆ పని ఎలా చేయాలో దేవుని మాటను బట్టి తేల్చుకోవాలి. ఆఫీసులో ఫైలు కదలడానికి చేయి చాపే అలవాటుంటే అది మానడమే మీరు దేవునికి మొదటి స్థానం ఇవ్వడం. నిజంగానే సేవకు పిలుపు ఉందనిపిస్తే ఇంట్లోవాళ్ళతో, సంఘ పెద్దలతో కూర్చుని మాట్లాడండి. ఉజ్జీవ కూటాల నుంచి ఇంటికొచ్చిన రాత్రే రాజీనామా రాయొద్దు.

"పూర్ణహృదయముతో" అంటారు. నా మనసు ప్రార్థనలో ఐదు నిమిషాలు కూడా నిలవదు. ఎట్లా?

మనసు అటూ ఇటూ పోవడం వేరు, రెండుగా చీలిపోవడం వేరు. బైబిల్ ఎక్కువగా హెచ్చరించేది రెండోదాని గురించి. 2 దినవృత్తాంతములు 25లో అమజ్యా అనే రాజు సంగతి ఉంది. దేవుని దృష్టికి సరైనదే చేశాడు గానీ పూర్ణహృదయంతో చేయలేదని మొదట్లోనే రాశారు. అదే అధ్యాయంలో కాస్త ముందుకెళ్తే, శేయీరువాళ్ళను యుద్ధంలో గెలిచి, ఓడిపోయినవాళ్ళ దేవుళ్ళనే ఇంటికి తెచ్చుకుని మొక్కాడు. చీలడమంటే అది.

ప్రార్థన మధ్యలో పిల్లాడి ఫీజు, పాలవాడి బాకీ గుర్తొస్తే టెన్షన్ పడకండి. వాటినే ప్రార్థనలో చెప్పేయండి. కళ్ళు మూసుకుని మౌనంగా కూర్చుంటే నిద్రొస్తుందనేవాళ్ళు ఒక కీర్తన తీసుకుని పైకి చదవండి. ఒక్కో వచనం దగ్గర ఆగి, అదే సంగతిని మీ ఇంటి మాటల్లో చెప్పుకోండి.

తెల్లారుజామున నాలుగింటికి లేస్తేనే లెక్కా? నాది నైట్ డ్యూటీ.

మార్కు 1:35లో యేసు ఇంకా చీకటి ఉండగానే లేచి వెళ్ళి ప్రార్థించాడు. దానియేలు రోజుకు మూడుసార్లు మోకరించాడు. 119వ కీర్తన రాసినాయన అర్ధరాత్రి లేస్తానంటాడు. అందరికీ ఒకటే టైమ్ అని ఎక్కడా లేదు. ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసి పొద్దున ఇంటికి చేరే మనిషికి, పడుకోబోయే ముందు కూర్చునే పదిహేను నిమిషాలే ఉదయకాల ప్రార్థన. పాలు పితికి కేంద్రంలో పోసి వచ్చేవాళ్ళు ఆ తర్వాత కూర్చోవచ్చు. ఏ టైమైనా రోజూ అదే టైముకు కూర్చుంటే అలవాటు నిలుస్తుంది. ఒక సలహా మాత్రం అందరికీ: బైబిల్ తెరిచాకే ఫోన్ తెరవండి. గ్రూపుల్లో వచ్చిన గుడ్ మార్నింగ్ వాక్యాలన్నీ చూశాక సొంతంగా ఒక అధ్యాయం చదివే ఓపిక ఎవరికీ మిగలదు.

బైబిల్ ఎక్కణ్ణుంచి చదవాలి?

మార్కు సువార్త నుంచి. 16 అధ్యాయాలే, రోజుకొకటి చదివితే రెండు వారాల పైచిలుకులో అయిపోతుంది. తర్వాత కీర్తనలు, ఆదికాండం. మొదటి పేజీ నుంచి పట్టుదలగా మొదలుపెట్టినవాళ్ళు చాలామంది లేవీయకాండంలో ఆగిపోతారు. పాత అనువాదం భాష బరువనిపిస్తే వాడుక భాషలో వచ్చినవీ ఉన్నాయి, తీసుకోండి. తప్పేమీ లేదు.

మా జేజికి చదువు రాదు. వాక్యం చదవకుండా దేవునికి ముందు స్థానం ఇచ్చినట్టేనా?

ఇచ్చినట్టే. ప్రకటన గ్రంథం 1:3 చదివేవాణ్ణీ వినేవాళ్ళనూ కలిపి ధన్యులంటుంది. మొదటి సంఘాల్లో ఒకరు చదివితే మిగతావాళ్ళు వినేవాళ్ళు, ఇంటికో పుస్తకం ఉండేది కాదు. మీ జేజికి కీర్తనలు నోటికొచ్చి ఉంటాయి, అడిగి చూడండి. రాత్రి సంగటి తిన్నాక మనవడో మనవరాలో ఒక అధ్యాయం గట్టిగా చదివి వినిపిస్తే ఇద్దరికీ లాభం. ఫోన్లో ఆడియో బైబిల్ పెట్టివ్వొచ్చు గానీ, మనిషి గొంతులో వినడం ఆమెకు ఎక్కువ ఇష్టంగా ఉంటుంది.

డిసెంబర్ 31 రాత్రి తీసిన వాగ్దాన కార్డు నెరవేరలేదు. నా విశ్వాసం తక్కువా?

కార్డు మన సంఘాలు పెట్టుకున్న అలవాటు. బుట్టలో చేయి పెట్టి తీసిన వచనం ఆ ఏడాదికి మీ పేరున రాసిచ్చిన రశీదు అని బైబిల్ చెప్పదు. ఆ కార్డుల్లో తరచూ కనబడే యిర్మీయా 29:11 తీసుకోండి. అది బబులోనుకు చెరపట్టుకుపోయినవాళ్ళకు రాసిన ఉత్తరంలోది. దాని పై వచనంలోనే డెబ్బై ఏళ్ళు ఆగాలని ఉంది. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్ళలో చాలామంది తిరిగి రావడం చూడకుండానే పోయి ఉంటారు. అయినా అక్కడే ఇళ్ళు కట్టుకోమన్నాడు, తోటలు నాటమన్నాడు, ఆ పట్టణం కోసం ప్రార్థించమన్నాడు. ఈసారి కార్డు తీసినప్పుడు ఆ వచనం ఉన్న అధ్యాయం మొత్తం చదవండి. ఎవరికి, ఎప్పుడు చెప్పిన మాటో తెలిస్తే, ఏం ఆశించాలో ఏం ఆశించకూడదో మీకే తెలుస్తుంది.

## ఆదివారం, సంఘంలో

ఆలస్యంగా వెళ్తే ఏమవుతుంది? మెసేజ్ మొదలయ్యేలోపు ఉంటాం కదా.

పాటలు, పాపపు ఒప్పుకోలు, వాక్యపఠనం, అందరి కోసం చేసే ప్రార్థన, కానుక, ప్రసంగం, ప్రభు భోజనం అన్నీ కలిస్తేనే ఆరాధన. ప్రసంగం ముందు జరిగేదంతా జనం చేరేదాకా కాలక్షేపం అనుకోవడం వల్లనే పదింటి ఆరాధనకు పదకొండింటికి గుడి నిండుతోంది. బస్సు దొరక్కో, పసిపిల్లల వల్లో ఆలస్యమైతే అది వేరే సంగతి. ఇందులో పాస్టరుగార్లకూ ఒక మాట చెప్పాలి. చెప్పిన టైముకు మొదలుపెట్టి, చెప్పిన టైముకు ముగించండి. ఒంటిగంటన్నర దాకా లాగితే పల్లెకు పోయే బస్సు పోతుంది, వాళ్ళు పైవారం రారు.

పాత కీర్తనలు పాడాలా, కొత్త పాటలా? మా సంఘంలో దీనిమీదే గొడవ.

రెండూ పాడండి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట నెత్తిన రాగం, తాళం పేర్లు కనబడతాయి. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి లాంటి కవులు మన రాగాల్లో, మన భాషలో రాసిచ్చిన ఆస్తి అది. దాన్ని పెళ్ళికీ చావుకీ మాత్రమే తీయడం నష్టం. అట్లాగని కొత్తదంతా సినిమా ట్యూన్ అని కొట్టిపారేయడమూ సరికాదు. నేనైతే రెండే చూస్తాను. పాటలో దేవుడు ఏం చేశాడో ఉందా, లేక "నేను, నాకు" అని మాత్రమే ఉందా? జనం నోరు కలిపి పాడగలరా, లేక స్టేజీ మీది నలుగురే పాడుతున్నారా? ప్యాడ్స్ మోతకు పక్కన నిల్చున్న మనిషి గొంతు వినబడకపోతే అది సంఘం పాట అనిపించుకోదు. సౌండ్ బాక్సులు ఊరివైపు తిప్పి పెట్టే అలవాటు కూడా మానాలి. పక్కింట్లో పరీక్షకు చదివే పిల్లలుంటారు.

అందరూ ఏడుస్తూ ఆరాధిస్తారు. నాకు కన్నీళ్ళు రావు. లోపమా?

కాదు. కొందరికి కళ్ళు తొందరగా తడుస్తాయి, కొందరికి తడవవు. యోహాను 4లో యేసు అడిగింది ఆత్మతోను సత్యముతోను ఆరాధించమని. సత్యం అన్నాడు కాబట్టి రాని ఏడుపు తెచ్చిపెట్టుకోవడమే పెద్ద తప్పు.

సంఘ కమిటీ ఎన్నికల్లో గొడవైంది. ఆ మనిషితో మాటల్లేవు. ప్రభు భోజనం తీసుకోవచ్చా?

ముందు ఆయన ఇంటికి వెళ్ళండి. మత్తయి 5:23-24లో యేసు, కానుక తెచ్చినవాడికి తన సహోదరుడితో తగాదా గుర్తొస్తే ఆ కానుకను బలిపీఠం దగ్గరే వదిలి వెళ్ళి సమాధానపడి రమ్మన్నాడు. ఆరాధన మధ్యలో ఆపమన్నాడంటే అది ఎంత ముఖ్యమో చూడండి. పైగా తప్పు ఎవరిదని ఆ వచనం అడగదు. "ఆయనే రావాలి" అని కూర్చుంటే ఇద్దరూ ముసలివాళ్ళయిపోతారు.

వర్గాలంటే ఏమిటో మన సీమలో ఎవరూ ఎవరికీ నేర్పక్కర్లేదు. గుడి బయట చెప్పులు విడుస్తాం గానీ వర్గాన్ని మాత్రం లోపలికి తీసుకొస్తాం. అటు వరుస బెంచీలు వాళ్ళవి, ఇటు వరుస వీళ్ళవి. పాస్టరుగారు ఎవరింట్లో భోంచేశారన్నదానికి కూడా లెక్కలు.

వెళ్ళేటప్పుడు ఒంటరిగా వెళ్ళండి, మత్తయి 18:15 చెప్పేది అదే. గ్రూపులో మెసేజ్ పెట్టి "క్షమించేశాను" అనకండి, అది ఇంకో దెబ్బ. ఎన్నికల లెక్కలు మళ్ళీ తవ్వకుండా, మీరు అన్న మాటల్లో తప్పున్నవాటికి మాత్రం క్షమాపణ అడగండి. ఆయన తలుపు వేసేసుకుంటే రోమా 12:18 మీకు ఊరట, మీ చేతనైనంత మట్టుకు అని ఉంది. పాస్టరుగారికి సంగతి చెప్పి ప్రభు భోజనంలో పాలుపొందండి. ఒక్క హద్దు: కొట్టడం, లైంగిక వేధింపు, సంఘం డబ్బు కాజేయడం లాంటి నేరాలను "సమాధానం" పేరుతో కప్పిపెట్టకూడదు. అవి పోలీసుల దాకా పోవాల్సినవే.

మా ఊళ్ళో గుడి ఒక గేరిలో ఉంది. ఇంకో గేరివాళ్ళు అందులోకి రారు. దీనికీ ఆరాధనకూ సంబంధమా?

నేరుగా సంబంధం. గేరి అంటే ఒక కులంవాళ్ళుండే వీధి. ఇది ఎలా వచ్చిందో తెలిసిందే. 19వ శతాబ్దంలో లండన్ మిషన్ వాళ్ళు కడప, జమ్మలమడుగు వైపు, ఎస్పీజీ (ఆంగ్లికన్ మిషన్) వాళ్ళు నంద్యాల, ముత్యాలపాడు వైపు పనిచేసినప్పుడు జనం చాలాచోట్ల ఇంటికొకరుగా కాకుండా గేరికి గేరిగా విశ్వాసంలోకి వచ్చారు. ఏ గేరి మొదట వస్తే గుడి అక్కడ కట్టారు. తర్వాత 1947 సెప్టెంబరు 27న సీఎస్ఐ ఏర్పడినప్పుడు ఆంగ్లికన్లు, మెథడిస్టులు, లండన్ మిషన్ సంఘాలు సముద్రాల అవతల పుట్టిన తేడాలు పక్కనపెట్టి ఒక్కటయ్యారు. మన ఊళ్ళో వీధికి అటువైపూ ఇటువైపూ ఉన్న రెండు గేరులు మాత్రం ఇంకా కలవలేదు.

గలతీ 2వ అధ్యాయంలో పేతురు అన్యజనులతో (యూదులు కానివాళ్ళతో) కలిసి భోంచేస్తూ, తనవాళ్ళైన యూదులు రాగానే పక్కకు తప్పుకుంటే పౌలు అందరి ముందూ నిలదీశాడు. అక్కడ గొడవ పాటల గురించో బాప్తిస్మం గురించో కాదు, పంక్తి గురించి. కాబట్టి పంక్తి దగ్గరే మొదలుపెట్టండి. ప్రేమవిందుకు రెండు గేరుల ఆడవాళ్ళూ ఒకే పొయ్యి మీద వండాలి. స్త్రీల సమాజం ఒక వారం ఇటు, ఒక వారం అటు జరగాలి. చావు ఇంటికి రెండువైపులా మనుషులు మోయడానికి రావాలి. పిల్లల పెళ్ళిళ్ళ మాట వచ్చినప్పుడు పెద్దలు నోరు మూసుకోకుండా ఉంటే అది ఇంకా పెద్ద అడుగు. పాస్టరుగారికి ఇది కష్టమని తెలుసు, జీతం ఒక గేరి నుంచే వస్తుంటుంది మరి.

ఫోన్లో లైవ్ చూస్తే చాలదా? ప్రసంగం అక్కడే బాగుంటుంది.

మంచం పట్టినవాళ్ళకు, గల్ఫ్‌లో ఆదివారం సెలవు లేనివాళ్ళకు అది పెద్ద వరం. కాళ్ళు చేతులు ఆడుతూ, గుడి రెండు వీధుల అవతల ఉన్నవాళ్ళకు చాలదు. హెబ్రీ 10:24-25 ఒకరినొకరు పురికొల్పుకోవడానికి కూడమంటుంది. స్క్రీన్ మీద ఉన్నాయనకు మీ ఇంట్లో జ్వరమొచ్చిందని తెలియదు.

ఉపవాసంలో నీళ్ళు తాగొచ్చా? నాకు షుగర్ ఉంది.

తాగండి. మందులు వాడేవాళ్ళు డాక్టర్ని అడగకుండా పూట మానొద్దు. ఇన్సులిన్ తీసుకుని తినకపోతే ప్రాణం మీదికి వస్తుంది. తిండికి బదులు టీవీ, ఫోన్, బజారు ఖర్చు మానొచ్చు. యెషయా 58 చెప్పే ఉపవాసంలో ఆకలైనవాడికి అన్నం పెట్టడం ఉంది, శ్రమకాలంలో (ఈస్టర్‌కు ముందు ఉపవాస దినాల్లో) మిగిలిన డబ్బు అటు పంపండి.

## ఇంట్లో, బంధువుల మధ్య

ఇంట్లో నేనొక్కదాన్నే విశ్వాసిని. మా ఆయన, అత్తమ్మ గుడికి పోనివ్వరు.

1 కొరింథీ 7వ అధ్యాయంలో పౌలు సరిగ్గా మీలాంటి ఇంటి గురించే రాశాడు. భర్త కలిసి ఉండటానికి ఇష్టపడితే విడిచిపెట్టొద్దన్నాడు. 1 పేతురు 3 మాటలకన్నా నడత మాట్లాడుతుందంటుంది. ఇంట్లో పనంతా వదిలేసి శుక్రవారం ఉపవాస కూడిక, శనివారం రాత్రి ప్రార్థన, ఆదివారం రెండు పూటలా గుడి అంటే ఎవరికైనా మండుతుంది. ఆదివారం ఒక్క పూట అడగండి. వంట చేసి వెళ్ళండి, చెప్పిన టైముకు తిరిగి రండి. అదీ వద్దంటే కొన్నాళ్ళు ఇంట్లోనే ప్రార్థించుకోండి, సంఘంలో ఒక అక్క వచ్చి పోతూ ఉంటే బాగుంటుంది.

చేయి చేసుకుంటే మాత్రం "ఓర్చుకో, ప్రార్థించు" అని చెప్పేవాళ్ళ మాట వినకండి. మహిళల హెల్ప్‌లైన్ 181, అత్యవసరమైతే 112. లోబడటమంటే దెబ్బలు తినడమని వాక్యం చెప్పలేదు.

అత్తగారు చేతిలో ప్రసాదం పెడతారు. తీసుకోవాలా, వద్దా? తేరుకు, పీర్ల పండుగకు పిలిస్తే?

సంఘాలు దీని మీద ఒక్కమాట మీద లేవు. 1 కొరింథీ 8, 10 అధ్యాయాలు రెండూ చదవండి. సంతలో అమ్మేది ఏదైనా అడక్కుండా తినమన్నాడు పౌలు. ఇది అర్పించిందని ఎవరైనా చెప్తే మాత్రం, చెప్పినవాళ్ళ మనస్సాక్షి కోసం మానమన్నాడు. ప్రసాదం విషయంలో చెప్పడం, పెట్టడం రెండూ ఒకేసారి జరుగుతాయి కాబట్టి నేను తీసుకోను. ఎలా వద్దంటామన్నదే అసలు పని. "అత్తమ్మా, ఏమనుకోకండి, నాకు వద్దు, ఆ పప్పు కాస్త వడ్డించండి" అంటే సరిపోతుంది. మొహం తిప్పుకోవడం, చేయి తోసేయడం, "సైతాను" లాంటి మాటలు వద్దే వద్దు.

పండుగ రోజు బంధువుల ఇంటికి వెళ్ళి భోంచేసి రావడం వేరు, పూజలో పాలుపొందడం వేరు. సిరియా సేనాధిపతి నయమాను స్వస్థత పొంది తిరిగి వెళ్తూ, రాజు తన చేతి మీద ఆనుకున్నప్పుడు వాళ్ళ దేవుడు రిమ్మోను గుడిలో వంగాల్సి వస్తుందని చెప్పుకుంటే ఎలీషా ప్రవక్త "సమాధానంగా వెళ్ళు" అన్నాడు (2 రాజులు 5). ఇంట్లో ఒక్కరే విశ్వాసిగా బతికేవాళ్ళను గద్దించబోయే ముందు పెద్దలు ఆ అధ్యాయం ఒకసారి చూడాలి.

"దేవుడే ముందు" అని మా అన్న అమ్మానాన్నలను చూడటం లేదు. జీతమంతా సేవకే ఇస్తాడు.

ఈ వేషాన్ని యేసు పేరు పెట్టి మరీ ఎండగట్టాడు. మార్కు 7:9-13 చదివి వినిపించండి. తల్లిదండ్రులకు దక్కాల్సినదాన్ని "కొర్బాను, దేవునికి ఇచ్చేశాను" అని చెప్పి తప్పించుకునేవాళ్ళు దేవుని ఆజ్ఞనే కొట్టేస్తున్నారన్నాడు. 1 తిమోతి 5:8 ఇంకా గట్టిగా ఉంది, ఇంటివాళ్ళను సంరక్షించనివాడు అవిశ్వాసికన్నా చెడ్డవాడు అంటుంది. అమ్మ బీపీ మాత్రలు, నాన్న కంటి ఆపరేషన్ అయ్యాకే సేవకు కానుక. ఆ కానుక తీసుకునే సేవకులకు ఇంటి సంగతి తెలిసి ఉంటే, వాళ్ళే తిప్పి పంపాలి.

కాలేజీవాళ్ళు ఆదివారం కూడా టెస్టు పెడతారు. దేవుడు ముందు కదా, మానిపించాలా?

ఒక్క టెస్టు కోసం పిల్లల్ని ఇంటికీ కాలేజీకీ మధ్య నలిపేయకండి. కర్నూలు, కడప, అనంతపురం లాంటి ఊళ్ళలో పొద్దున్నే జరిగే ఆరాధన, సాయంత్రం ఆరాధన ఉన్న సంఘాలున్నాయి, దేనికో ఒకదానికి తీసుకెళ్ళండి. హాస్టల్లో ఉంటే ఆదివారం ఫోన్ చేసి పది నిమిషాలు కలిసి ఒక కీర్తన చదువుకోండి. తల్లిదండ్రులు నలుగురైదుగురు కలిసి వెళ్ళి, నెలకు ఒక ఆదివారమైనా వదలమని అడగడంలో తప్పులేదు, అన్ని మతాల పిల్లలకూ ఆ విశ్రాంతి కావాలి. ఇంట్లో ర్యాంకు వస్తే పండుగ, గుడికి పోతే మామూలు అన్నట్టు మీరే ఉంటే పిల్లలకు ఏది ముందో ఎప్పుడో అర్థమైపోయి ఉంటుంది.

## పని, పొలం, డబ్బు

ఆదివారమే బుడ్డలు (వేరుశనగ) పీకాలి, మబ్బు పట్టింది. గుడికి పోవాలా, చేనికి పోవాలా?

సులువైన జవాబు లేదు. లూకా 14:5లో ఎద్దు బావిలో పడితే విశ్రాంతి దినమైనా పైకి లాగరా అని యేసు అడిగాడు. నిర్గమకాండం 34:21 మాత్రం దున్నే కాలంలోనూ కోతకాలంలోనూ కూడా ఏడో రోజు విశ్రమించమంటుంది. రైతు ఎప్పుడు వద్దంటాడో దేవునికి బాగా తెలుసు, అందుకే ఆ రెండు కాలాలనే పేరు పెట్టి చెప్పాడు.

అనంతపురం చేలల్లో ఆ టెన్షన్ ఎట్లా ఉంటుందో చూసినవాళ్ళకే తెలుసు. పీకి పరిచిన చెట్లు తడిస్తే కాయ నల్లబడుతుంది, కట్టె మేతకు పనికిరాదు. పీకకుండా వదిలితే పండిన కాయ నేలలోనే మొలకెత్తుతుంది. నా అభిప్రాయం ఇది: నిజంగా ముంచుకొచ్చిన ఆదివారం ఇంటిల్లిపాదీ తెల్లారి ఒకచోట కూర్చుని ప్రార్థించుకుని చేనికి పొండి. సంఘంలో కుర్రవాళ్ళుంటే ఆరాధన కాగానే వాళ్ళూ వచ్చి చేయి వేయాలి. అయితే జూన్‌లో విత్తనం, తర్వాత కలుపు, తర్వాత మందు అంటూ ఏడాదిలో ఆదివారాలన్నీ అట్లాగే పోతుంటే మబ్బు వంక మాత్రమే.

కూలీల సంగతి మరచిపోవద్దు. ద్వితీయోపదేశకాండం 5:14 మీ దాసుడూ దాసీ కూడా మీలాగే విశ్రమించాలంటుంది. ఆదివారం పనికి రావాలా వద్దా అన్నది వాళ్ళ ఇష్టానికి వదలండి. వస్తే అదే పుస్తకం 24:15 ప్రకారం పొద్దుగూకకముందే కూలి చేతిలో పెట్టండి.

దశమభాగం మొత్తం జీతం మీదా, చేతికొచ్చినదాని మీదా? అప్పులుంటే?

మలాకీ 3:10 ఇశ్రాయేలీయులతో అన్న మాట. వాళ్ళ దశమభాగం ఎక్కువగా ధాన్యం, నూనె, పశువులు. మూడో ఏట తీసింది ఊళ్ళోనే ఉంచి లేవీయులకు, పరదేశులకు, తండ్రిలేనివాళ్ళకు, విధవరాండ్రకు పెట్టాలని ద్వితీయోపదేశకాండం 14:28-29లో ఉంది. ఈ రెండో వచనం మీద ప్రసంగాలు తక్కువే. కొత్త నిబంధనకు వస్తే పౌలు, ఎవరి రాబడి కొద్దీ వాళ్ళు వారం వారం పక్కన పెట్టమన్నాడు (1 కొరింథీ 16:2), సణుక్కుంటూ, బలవంతంగా కాకుండా ఇవ్వమన్నాడు (2 కొరింథీ 9:7). పదో వంతును మంచి అలవాటుగా పెట్టుకోండి. జీతగాళ్ళు చేతికొచ్చినదాని మీద లెక్కేసినా దేవుడు లెక్కల తేడా పట్టుకోడు. రైతులు పెట్టుబడి పోను మిగిలినదాని మీద చూసుకోండి, ఏమీ మిగలని ఏడాది గిల్టీగా అనుకోనవసరం లేదు.

వడ్డీకి తెచ్చి కానుక వేయొద్దు. ఎరువుల కొట్టువాడి బాకీ ఎగ్గొట్టి గుడికి గ్రానైట్ వేయించడం ఆరాధన అనిపించుకోదు, ఆ రాయి మీద మీ పేరు చెక్కించినా సరే. ఇవ్వకపోతే శాపమని బెదిరించేవాళ్ళు ఎదురైతే, సంఘం జమాఖర్చులు చూపించమని మర్యాదగా అడగండి. సరైన సేవకులు సంతోషంగా చూపిస్తారు.

వ్యాపారం వ్యాపారమే, గుడి గుడే. రెండూ కలపాలా?

ఆమోసు 8:5 మార్కెట్ యార్డులో కూర్చుని రాసినట్టుంటుంది. విశ్రాంతి దినం ఎప్పుడైపోతుందా, ఎప్పుడు గోధుమలు అమ్ముకుందామా, కొలత తగ్గించి, దొంగ త్రాసు పెట్టి ఎప్పుడు సంపాదిద్దామా అని ఆరాధనలో కూర్చుని లెక్కలేసేవాళ్ళ గురించి అది. ఉల్లిగడ్డ సంచికి తరుగు పేరుతో ఇష్టమొచ్చినంత కోసేవాళ్ళు, లారీకెత్తే బండల కొలతలో చేతివాటం చూపేవాళ్ళు ఆదివారం ఎంత గట్టిగా పాడినా ఆ పాట ఎలా వినబడుతుందో అదే పుస్తకం 5:23లో ఉంది, తీసేయండి ఆ ధ్వని అంటాడు. సోమవారం కాటా సరిచేయించుకోండి. తక్కువ తూచి తీసుకున్న రైతు ఎవరో గుర్తుంటే వెళ్ళి లెక్క సరిచేయండి. సుంకరి జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు (లూకా 19), మీరు అసలైనా ఇవ్వండి.

## ఎండిన రోజులు

వేసిన బోర్లన్నీ ఎండిపోయాయి. ప్రార్థన వినని దేవుణ్ణి ఇంకా ఎందుకు స్తుతించాలి?

ముందు ఫిర్యాదు చేయండి. బైబిల్ దాన్ని ఆపదు. 13వ కీర్తన "ఎంతకాలం మరచిపోతావు?" అని మొదలవుతుంది. 88వ కీర్తనైతే చివరి మాట దాకా చీకటే, ఊరట వచనం ఒక్కటీ లేదు, అయినా అది ఆరాధన పుస్తకంలోనే ఉంది. యోబు దేవుణ్ణి నిలదీశాడు. చివరికి దేవుడు కోప్పడింది ఆయన మీద కాదు, "నీ పాపం వల్లే ఇదంతా" అని తేల్చిన స్నేహితుల మీద. కాబట్టి బోరు పడకపోతే "ఏదో పాపముంది" అని ఇంటికొచ్చి చెప్పేవాళ్ళు ఎవరి వరుసలో నిలబడుతున్నారో చూసుకోవాలి.

హబక్కూకు 3:17-18 మన నేలకు దగ్గరి మాట. అంజూరం పూయకపోయినా, ద్రాక్షలు కాయకపోయినా, చేలు పండకపోయినా, కొట్టంలో పశువులు లేకపోయినా దేవునిలో ఆనందిస్తానంటాడు. లెక్క మొత్తం పైకి చెప్పుకున్నాకే ఆ మాట అన్నాడు. మీరూ పోయినవన్నీ పేరుపేరునా చెప్పుకోండి, స్తుతి ఆ తర్వాత ఎప్పుడొస్తే అప్పుడే రానివ్వండి.

బోరు ఎక్కడ పడుతుందో ప్రార్థనలో చూసి చెప్తామని డబ్బు అడిగేవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి, భూగర్భ జల శాఖవాళ్ళను అడగండి. సంఘం కూడా ప్రార్థించి ఊరుకోకూడదు, ఆ ఇంటికి బియ్యం, పిల్లల ఫీజు చూడాలి. అప్పుల ఒత్తిడిలో చచ్చిపోదామనే ఆలోచన వస్తుంటే ఈ రోజే ఎవరికైనా చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. అది విశ్వాసం తక్కువైనట్టు కాదు. చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తకు దేవుడు మొదట రొట్టె పెట్టి, నిద్రపోనిచ్చాడు (1 రాజులు 19).

మొదట్లో ఉన్న మంట ఇప్పుడు లేదు. ఏం చేయాలి?

ప్రకటన 2:5 ఎఫెసు సంఘానికి మూడు చెప్పింది: ఎక్కణ్ణుంచి పడ్డావో గుర్తు తెచ్చుకో, మారుమనస్సు పొందు, మొదట చేసిన పనులు మళ్ళీ చెయ్. ఆ పాత ఫీలింగ్ తెచ్చుకొమ్మని అనలేదు. అప్పట్లో ఆస్పత్రిలో రోగుల్ని చూడటానికి వెళ్ళేవారా? మళ్ళీ వెళ్ళండి. కొన్నిసార్లు నిద్ర చాలక, ఒళ్ళు బాగాలేక కూడా ఇలా ఉంటుంది, ఒకసారి రక్తపరీక్ష చేయించుకోండి.

పదేళ్ళుగా గుడికి పోలేదు. ఇప్పుడు పోతే ఏమనుకుంటారు?

ఒకరిద్దరు తప్పకుండా "ఏంటి, దారి తప్పి వచ్చినావా?" అంటారు. నవ్వేసి లోపలికి పొండి. వెనక వరుసలో కూర్చున్నా పర్లేదు. కానుక తేలేదని, తెల్లచీర లేదని ఆగొద్దు. పాటలు మారిపోయి ఉంటాయి, వింటూ ఉండండి. ప్రభు భోజనం ఉన్న ఆదివారమైతే, తీసుకోవాలో వద్దో ఆరాధనకు ముందే పాస్టరుగారిని అడగండి, సంఘాన్ని బట్టి పద్ధతి మారుతుంది. అంతమంది మధ్యకు వెళ్ళాలంటే మొహమాటంగా ఉంటే వారం మధ్యలో జరిగే ఇంటి కూడికకు ముందు వెళ్ళండి. అక్కడ పదిమందే ఉంటారు, టీ కూడా ఇస్తారు.